నావికులు ఓడలోనే ఉండాలి

ఖైదీగా రోమాకు వెళ్తున్న పౌలు ఎక్కిన ఓడ పెనుతుపానులో చిక్కుకుంది. ఒక్క ప్రాణమూ పోదని దేవుడు తన దూత ద్వారా పౌలుకు ముందే అభయమిచ్చాడు. అయినా నావికులు చిన్న పడవ దించుకుని రహస్యంగా పారిపోబోతే పౌలు ఊరుకోలేదు. వాళ్లు ఓడలో లేకపోతే మీరెవరూ బతకరని శతాధిపతిని హెచ్చరించాడు. సైనికులు ఆ పడవ తాళ్లు కోసేశారు (అపొ.కా. 27). దేవుని మాట పౌలు దగ్గరుంది, అధికారం శతాధిపతి దగ్గరుంది, సముద్రం సంగతి నావికులకు తెలుసు. వాగ్దానం పొందినవాడే నావికులు కావాలన్నాడు. ఓడ ముక్కలైంది కానీ 276 మందీ ఒడ్డు చేరారు. ఈ భాగం మీద ప్రసంగాలు మనం తక్కువే వింటాం!

సముద్రంలో ప్రాణాలు కాపాడేందుకు ఇలా కలిసి పనిచేసే పద్ధతి బ్రిటన్‌లో ఉంది. 1824లో ఆరంభమైన రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ ప్రభుత్వ శాఖ కాదు, విరాళాలతో నడిచే సేవాసంస్థ. పడవల సిబ్బందిలో అత్యధికులు జీతం లేని స్వచ్ఛంద సేవకులు. పిలుపు రాగానే చేస్తున్న పని వదిలి పరుగెత్తుతారు. కానీ తమకు తోచినట్టు బయలుదేరరు. ఆపదలో ఉన్నవారి కేక ముందు ప్రభుత్వ కోస్ట్‌గార్డ్‌కు చేరుతుంది. ఏ లైఫ్‌బోట్‌ను అడగాలి, హెలికాప్టర్ కావాలా, ఒడ్డున అంబులెన్స్ ఎక్కడుండాలి అన్నది అక్కడ చూస్తారు. ఆ గాలివానలో పడవ దించాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం లైఫ్‌బోట్ వారిదే.

1981 డిసెంబర్ 19 రాత్రి కార్న్‌వాల్ తీరంలో యూనియన్ స్టార్ అనే సరుకుల ఓడ ఇంజిన్ ఆగి రాళ్ల వైపు కొట్టుకుపోయింది. కెప్టెన్ భార్య, ఇద్దరు ఆడపిల్లలతో సహా అందులో 8 మంది ఉన్నారు. నౌకాదళ హెలికాప్టర్ వచ్చింది గానీ ఊగిపోతున్న ఓడ స్తంభం అడ్డమై ఒక్కరినీ పైకి లాగలేకపోయింది. మౌస్‌హోల్ గ్రామానికి చెందిన 8 మంది సాలమన్ బ్రౌన్ అనే చెక్క లైఫ్‌బోట్‌లో ఆ ఓడ దగ్గరకు వెళ్లారు. తండ్రి అప్పటికే పడవలో ఉన్నాడని, ఒకే ఇంటినుంచి ఇద్దరు వద్దని, నాయకుడు ఒక యువకుణ్ణి ఒడ్డునే ఆపేశాడు. నలుగురిని ఎక్కించుకున్నామని ఆ అలల మధ్యనుంచే రేడియోలో తెలియజేశారు. ఆ తర్వాత మాట వినపడలేదు. 16 మందీ చనిపోయారు. కలిసి పనిచేస్తే ప్రతిసారీ అందరూ బతుకుతారని మేము చెప్పబోము. ప్రాణం పోయే ఘడియలోనూ వాళ్లు ఒడ్డుకు సమాచారమిస్తూనే ఉన్నారన్నది మాత్రం మనం గమనించాలి.

మన తీరంలో తుపాను వస్తే సంఘాలు వెనకాడవు. బియ్యం, దుప్పట్లు లారీకెత్తుతాయి. కానీ రోడ్డు పక్క ఊరికి నాలుగు లారీలు వస్తాయి, లంకలోని పల్లెకు ఒక్కటీ చేరదు. తహసీల్దారు కార్యాలయంలో ఒక్క మాట అడిగి కదిలేవారు అరుదు. బ్యానర్ మాత్రం మరచిపోరు. దేవుడే నడిపిస్తాడు, అధికారులతో పనేమిటి అనేవారు పౌలు శతాధిపతితో ఎందుకు మాట్లాడాడో చెప్పాలి. అధికారులు కూడా పల్లెలో ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలివాళ్లున్నారో ఎరిగిన పాస్టరును పిలిచి అడగాలి.

సముద్రంలో ఆపద వస్తే మన దేశంలో కోస్ట్‌గార్డ్ టోల్‌ఫ్రీ నంబరు 1554. తీర గ్రామాల మందిరాల గోడలమీద దీన్ని పెద్ద అక్షరాలతో రాయించమని కోరుతున్నాం. వేటకెళ్లినవాడు పొద్దుపోయినా రాకపోతే ఇంటివాళ్లు పాస్టరుగారి తలుపు తట్టడం పల్లెల్లో మామూలే. ఆయన ముందు ఆ నంబరుకు ఫోను చేయాలి, పడవ ఏ వైపు వెళ్లిందో, ఎంతమంది ఉన్నారో చెప్పాలి. ఆ తర్వాత ఆ కుటుంబంతో కలిసి ప్రార్థనకు కూర్చోవచ్చు.