గిజిగాని గూడు - పెండ్లిచూపులు

సుల్తానాబాదు రాజీవ్ రహదారిపై కరీంనగరమునకును పెద్దపల్లికిని నడుమ నున్న ఊరు. బియ్యపు మిల్లులకు పేరుగన్నది. వానకాలమున వరినాట్లు ముగిసిన పిమ్మట ఆ ప్రాంతపు బావుల గట్లపై తాటిచెట్లకును, తుమ్మకొమ్మలకును గిజిగాండ్ర గూళ్లు వ్రేలాడుచుండును. బడికి పోవు పిల్లలకు అవి నిత్యము కనబడునవే. కాని వానిలో కొన్ని గూళ్లు సగములోనే ఏల నిలిచిపోయినవని అడుగువారు అరుదు.

ఆ సగపు గూడే గిజిగాని పెండ్లిచూపులకు వేదిక. ఋతువు రాగానే తల పసుపుపచ్చ బారిన మగపక్షి వరియాకులను, తాటాకులను సన్నగా చీల్చి తెచ్చి, గూటిని టోపీ ఆకారమునకు వచ్చువరకు అల్లి, రెక్కలాడించుచు పిలుచును. ఆడుపక్షి వచ్చి లోపల దూరి పరీక్షించును. నచ్చినచో నిలుచును, నచ్చనిచో వేరొక గూటికి పోవును. ఆమె అంగీకరించిన పిమ్మటనే గ్రుడ్ల గదియు, క్రిందికి దిగు గొట్టమును పూర్తియగును. అల్లిక సొంపుకంటె గూడు కట్టిన చోటునే ఆమె ఎక్కువగా చూచునని పరిశోధకులు గమనించిరి. గూడు ఎత్తున నున్నదా, శత్రువులకు అందకుండునా యన్నదే ఆమె విచారణ.

ఎంచుకొను అధికారము ఆడుదానికే ఏల దక్కినది? నెమలి పింఛమువంటి సొగసులు ఆడుపక్షి మెప్పువలన తరతరములుగా పెంపొందినవని 1871లో చార్లెస్ డార్విన్ వివరించెను. సంతానము కొరకు ఎక్కువ శ్రమపడు జీవియే ఎక్కువ జాగ్రత్తతో జంటను ఎంచుకొనునని 1972లో రాబర్ట్ ట్రివర్స్ ఆ సిద్ధాంతమునకు మెరుగు దిద్దెను. దీనికి సాక్ష్యము మన చెరువులలోనే గలదు. తామరాకులపై పొడుగు వ్రేళ్లతో నడయాడు జకానా పక్షులలో గ్రుడ్లు పొదుగుట, పిల్లలను సాకుట మగవాని పని. అందుచేత అక్కడ మగపక్షుల కొరకు ఆడుపక్షులే పోరాడును. భారము ఎవరిదో ఎంపికయు వారిదే.

ఇంతమాత్రమున పక్షి నడవడి మనుష్యునకు ధర్మశాస్త్రము కాజాలదు. గిజిగాడు ఒకదానిని గూటిలో నిలిపి, మరియొకదాని కొరకు రెండవ గూడు అల్లనారంభించును. మాట యిచ్చుట, ఇచ్చిన మాటపై నిలుచుట మనుష్యునకే తెలిసిన విద్య. కనుక మనుష్యుడు వివాహమునకు కంచె కట్టుకొనెను. ఆదిలాబాదు గోండులలో నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల సగలు గలవనియు, ఒకే సగలోని వారు పెండ్లాడరాదనియు హైమన్‌డార్ఫ్ 1948లో ప్రకటించిన గ్రంథము తెలుపుచున్నది. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశపు కొత్తకోడండ్రను దైవమునకు పరిచయము చేయు భేటింగ్ ఆచారము నేటికిని సాగుచున్నది. మైదానపు తెలుగువారికి ఇంటిపేరు, గోత్రము కంచెలు. మేనమామ కూతురు వరుసైనది, పెదతండ్రి కూతురు తోబుట్టువు. అయితే రక్తసంబంధము దగ్గరైనకొలది దాగియున్న వంశలోపము తల్లిదండ్రు లిరువైపుల నుండియు బిడ్డకు సంక్రమించు అవకాశము పెరుగునని వైద్యశాస్త్రము హెచ్చరించుచున్నది. మేనరికము విషయమున ఈ హెచ్చరికను పెడచెవిని పెట్టరాదు.

కంచె ఉండుట ఒక మాట. కంచె లోపల ఎంచుకొనువా రెవరన్నది వేరు మాట. గిజిగాడు తాను కట్టిన గూటిని చూపి పిల్లను అడుగును. మన వరుడు మామగారిచేత గూడు కట్టించి, అది చిన్నదని అలుగును. కట్నమును నిషేధించిన చట్టము 1961లో వచ్చినది. అయినను పొలమమ్మి పెండ్లి చేయు తండ్రులు నేటికిని గలరు. గల్ఫు సంబంధమా, సాఫ్ట్‌వేరు సంబంధమా యని పెద్దలు పదిమార్లు తర్కింతురు. కాపురము చేయవలసిన పిల్లను చివరగా, అదియు తలయూపుట కొరకే, అడుగుదురు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారము తెలంగాణలో ఇరువది నుండి ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో నూటికి 23.5 మంది పదునెనిమిది నిండకమునుపే వివాహితలు. ఆ వయస్సున వారు ఎంచుకొన్న దేమి?

తానై ఎంచుకొన్నచోట కొన్నిమార్లు రక్తము చిందుచున్నది. యుక్తవయస్కు లిరువురు సమ్మతించిన పిమ్మట కుటుంబముయొక్క గాని కులముయొక్క గాని అనుమతి అక్కరలేదని 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే మిర్యాలగూడలో, కులము వేరైన పిల్లను పెండ్లాడినందుకు, ఒక యువకుడు గర్భవతియైన భార్య కన్నులయెదుట హత్యకు గురియయ్యెను. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణశిక్షను, ఆరుగురికి యావజ్జీవ శిక్షను విధించినది. న్యాయము వెలువడుటకు ఆరేండ్లకు పైగా పట్టినది. పోయిన ప్రాణము తిరిగి రాలేదు.

ఇట్టి దౌర్జన్యమును పూర్వాచార మనువారు ఎఱ్ఱన అరణ్యపర్వశేషములోని సావిత్రీ కథను మరల చదువవలయును. అశ్వపతి కూతురిని తానే వరుని వెదకుకొమ్మని పంపెను. సత్యవంతునకు ఏడాదియే ఆయుస్సని నారదుడు తెలిపినపుడు మరియొకని వరింపుమని తండ్రి నచ్చజెప్పి చూచెను. ఆమె మనసు మార్చుకొనలేదు. అంతట ఆ రాజు కత్తి దూయలేదు. కూతురిని వెంటబెట్టుకొని అడవికి పోయి తానే పెండ్లి చేసెను. తనకు తెలిసిన కీడును చెప్పుట పెద్దల విధి. విన్న పిమ్మట నిర్ణయించుట పెండ్లాడువారి హక్కు.

ఉపాధ్యాయులు ఈ కథను పాతివ్రత్య మహిమగా మాత్రమే బోధించి ఊరకుండుట చాలదు. అశ్వపతి ఏమి చేసెనో, ఏమి చేయలేదో కూడ విద్యార్థులను ఆలోచింపజేయవలయును. ఆ తరగతిలో కూర్చున్న బాలికలు కొలది యేండ్లలో పెండ్లిచూపులకు కూర్చుండవలసినవారు. వారు పదునెనిమిది నిండువరకు బడిలో నిలుచునట్లును, నచ్చని సంబంధమును నచ్చలేదని భయములేక చెప్పగలుగునట్లును చేయుట తల్లిదండ్రులకును గురువులకును ఉమ్మడి బాధ్యత.