రౌడీ షీటు తెరవక ముందే

"ముఠా తగాదాలో యువకుని హత్య" అనే వార్త కనబడినప్పుడల్లా మనం చదివి, నిట్టూర్చి, పుట తిప్పుతాము. తప్పు పోలీసులదని కొందరు, పెంపకానిదని కొందరు, సినిమాలదని మరికొందరు తీర్పు చెబుతారు. 2020 మే నెలాఖరున విజయవాడ పటమటలో రెండు యువకుల గుంపులు మారణాయుధాలతో తలపడి ఒక నిండు ప్రాణం పోయినప్పుడు కూడా జరిగినది ఇదే. నాలుగు దినాలు చర్చ. ఆ పైన మౌనం.

కోడిపందెంతో రగిలిన పగ పలనాటిని ఎట్లా కాల్చివేసిందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. నేటి బస్తీలలో పగకు కోడి కూడా అవసరం లేదు. క్రికెట్ ఆటలో తూలిన ఒక మాట, సెల్‌ఫోనులో నలుగురికీ పంపిన ఒక వీడియో, మోటారు సైకిలు పక్కకు తీయమన్న గద్దింపు చాలు. ఒంటరివానికి తగిలిన దెబ్బ గాయం మానడంతో పోతుంది. గుంపులోని వానికి తగిలితే అది తీర్చవలసిన బాకీగా మారుతుంది.

ఆ బాకీ లెక్క తేలే చోటు తరచుగా ఆసుపత్రి. లోపల గాయపడినవానికి కుట్లు వేస్తుంటారు. బయట పది పదిహేనుమంది మిత్రులు పళ్ళు కొరుకుతూ నిలబడి ఉంటారు. తల్లి ఒక మూల కూర్చుని ఏడుస్తుంటుంది. మరునాటి దాడికి అంకురం ఆ గంటలోనే పడుతుంది. ఆ గంటలో అక్కడ మసీదు కమిటీ పెద్దలు ఉండరు, అధ్యాపకులు ఉండరు. పోలీసులు వాంగ్మూలం కోసం వచ్చి వెళతారు. మా ఆవేదన అంతా ఈ ఖాళీని గురించినదే.

ఈ ఖాళీని పూరించడానికి పూనుకొన్న ఊళ్ళు లేకపోలేదు. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1990లో 152 హత్యలు జరిగాయి. 1992 మే నెలలో, హతుడైన ఒక యువకుని అంత్యక్రియల ప్రార్థన జరుగుతుండగా ముఠావారు చర్చిలోకే చొరబడి మరొకనిని పొడిచారు. రక్తం ప్రార్థనాలయపు గడప దాటి లోపలికి వచ్చినది గనుక తామే గడప దాటి వెలుపలికి పోవలసి ఉన్నదని అక్కడి నల్లజాతి మతబోధకులకు తోచింది. వారు రాత్రివేళ వీధులలో నడిచారు. ఉపన్యాసాలు కట్టిపెట్టి, ముందుగా ఆ కుర్రవాళ్ళు చెప్పేది విన్నారు. పోలీసులకూ ఆ బోధకులకూ అంతకు ముందు ఒకరిపై ఒకరికి నమ్మకం తక్కువ. అయినా క్రమంగా ఇరువురూ ఒకే బల్ల వద్ద కూర్చున్నారు.

హార్వర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్క తీయగా తేలినది ఆలోచింపదగినది. సుమారు 60 ముఠాలు, వాటిలో 1,300 మంది. నగర యువజనులలో వీరు నూటికి ఒక్కరు కూడా కారు. కాని యువకుల హత్యలలో కనీసం నూటికి 60 వీరి ఖాతాలోనివే. అనగా బస్తీ మొత్తాన్ని అనుమానించనవసరం లేదు. ఆ కొద్దిమందిని పేరు పేరునా ఎరిగి ఉంటే చాలు. 1996లో పోలీసులు, ప్రాసిక్యూటర్లు, బోధకులు, సంఘసేవకులు కలిసి ముఠా సభ్యులను పిలిపించి ఎదుటనే రెండు మాటలు చెప్పారు. మీలో ఒకడు ప్రాణం తీస్తే చట్టం గుంపు మొత్తం వెంట పడుతుంది. బయటపడదలచినవానికి చదువు, పని, అండ ఇక్కడే ఉన్నాయి. 1999లో హత్యలు 31కి దిగాయి. ఆ దశకంలో అమెరికా అంతటా హత్యలు తగ్గిన మాట నిజమే గనుక ఘనతంతా ఈ ప్రయత్నానికే కట్టబెట్టలేము. కాని 2000 తర్వాత ఈ కూటమి సడలగా హత్యలు మరల పెరిగాయన్నది కూడా మరువరాదు. స్కాట్లండులోని గ్లాస్గోలో 2008లో ఇట్టి సమావేశమే న్యాయస్థానంలో జరిగింది. అక్కడ కుర్రవాళ్ళతో మాట్లాడినవారిలో గాయాలకు చికిత్స చేసే వైద్యుడు, బిడ్డ కోసం కుమిలిన తల్లి కూడా ఉన్నారు.

మన హైదరాబాదు పాతబస్తీలో పోలీసులు 2015 ప్రాంతంలో చబుత్రా పేరిట ఒక కార్యక్రమం నడిపారు. అర్ధరాత్రి అరుగులమీద కాలక్షేపం చేసే యువకులను తీసుకొనిపోయి, తలిదండ్రులను రప్పించి, హితబోధ చేసి పంపేవారు. తలిదండ్రులను పిలవడం మంచిదే. అయితే ఏ నేరమూ చేయనివానిని కూడా వ్యానులో ఎక్కించడం మాకు సమ్మతం కాదు. మరునాటి రాత్రి వానిని పలకరించే నాథుడెవరన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. ఒకప్పుడు ఆ చబుత్రా మీద కూర్చున్నది పెద్దలే గదా! వారు లేచి టెలివిజన్ ముందుకు పోయారు. చోటు ఖాళీ అయినది.

మక్కాలో తెగల మధ్య ఫిజార్ యుద్ధాలు ముగిసిన తర్వాత, అన్యాయానికి గురైనవాడు ఏ తెగవాడైనా సరే వాని పక్షాన నిలుస్తామని కొన్ని తెగలు అబ్దుల్లా ఇబ్న్ జుద్‌ఆన్ ఇంట ప్రతిజ్ఞ చేశాయి. దానిని హిల్ఫుల్ ఫుజూల్ అంటారు. అందులో పాల్గొన్నప్పుడు మన ప్రవక్త (స)కు సుమారు ఇరువది ఏండ్లు, అనగా మన డిగ్రీ విద్యార్థుల వయస్సే. "మావాడు" అనే మాటకు ఆ ప్రతిజ్ఞ ఇచ్చిన అర్థం వేరు.

ఇక కళాశాల సంగతి. కొట్లాట జరిగినప్పుడు టి.సి. చేతికిచ్చి పంపివేయడం సంస్థలకు పరిపాటి. ఆవరణ శుభ్రపడుతుంది, నిజమే. కాని ఆనాటి నుండి ఆ కుర్రవానికి ఉదయం పోవలసిన చోటు లేదు. ముఠాకు మాత్రం వాడు రోజంతా దొరుకుతాడు. కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు నిరాకరించే అధికారం 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ఇస్తున్నది. గల్ఫుకు పోయి చెల్లెలి పెళ్ళి చేయాలనుకొనే ఇంట దాని భావం ఏమిటో మన విద్యార్థులకు బాగా తెలుసు. తీవ్రమైన నేరం చేసినవానిని దాచిపెట్టమని మేము అనడం లేదు. టి.సి. మీద సంతకం చేసే ముందు ఒక వారం ఆగి, ఆ వారంలో ఇరుపక్షాల తలిదండ్రులను, మొహల్లా పెద్దలను, ఠాణా అధికారిని, పూర్వవిద్యార్థి ఒకరిని కమిటీ వారు కూర్చోబెట్టాలన్నదే మా విన్నపం. మొహల్లా పెద్దలంటే మసీదు కమిటీ ఒక్కటే కాదు. పక్క వీధి గుడి పెద్దలు, చర్చి పెద్దలు కూడా రావాలి. ఎందుకనగా ముఠాలు మతం చూసి చేరవు గాని, తగాదా ముదిరిన తర్వాత దానికి మతం రంగు పూసేవారు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు.

కళాశాల మైదానం సాయంత్రం ఐదింటికే తాళం పడుతున్నది. దీపాలు పెట్టి రాత్రి తొమ్మిది వరకు తెరిచి ఉంచితే అయ్యే విద్యుత్ ఖర్చు వార్షికోత్సవపు పందిరి ఖర్చుకన్నా మించదని మా అంచనా. ఆసుపత్రికి పోవలసిన వంతు అధ్యాపకులం మేము వేసుకుంటాము. రంజాన్ నెలలో తరావీహ్ తర్వాత సహరీ వరకు కుర్రవాళ్ళు వీధులలోనే ఉంటారు. హలీం కొట్ల ముందు మోటారు సైకిళ్ళు బారులు తీరుతాయి. వచ్చే రంజాన్ రాత్రులలో ఇద్దరేసి చొప్పున ఆ వీధులలో నడవడానికి ముందుకు వచ్చే పెద్దల పేర్లు, సీనియర్ విద్యార్థుల పేర్లు షాబాన్ నెల ముగిసేలోగా కార్యాలయంలో నమోదు చేయించవలసినదిగా కోరుతున్నాము.