సిపాయి పట్టీకి నలుగు

తాతగారు పోయాక ఇల్లు సర్దుతుంటే అటక మీద ఓ ట్రంకుపెట్టె దొరుకుతుంది. మూత తీస్తే గుప్పున ముక్కిపోయిన వాసన. పైన ఓ కంబళి, దాని కింద రెండు పతకాలు, అట్టడుగున పాములా చుట్ట చుట్టుకుని ఓ ఆకుపచ్చ పట్టీ, దాంతోపాటే రెండు గుడ్డసంచులు. ముట్టుకుంటే చేతికి పచ్చటి పొడి అంటుకుంటుంది. ఇత్తడి బకిల్స్ నల్లబడి, అంచుల్లో చిలుము పట్టి ఉంటాయి. 'ఇంత మురికేంటి? మెషీన్లో వేసేస్తే పోతుందిగా' అంటారు ఇంట్లో ఎవరో ఒకరు.

ఇంగ్లండులో చాలా ఇళ్ళ అటకల మీద ఇలాంటి పెట్టెలు ఉన్నాయి. అలా మెషీన్లో పడి పనికిరాకుండా పోయిన పట్టీలూ బోలెడు!

ఆ పట్టీల్నీ సంచుల్నీ కలిపి 'వెబ్బింగ్' అంటారు. నవారు మంచం చూసినవాళ్ళకి ఇదేంటో వేరే చెప్పక్కర్లేదు. ఆ నూలు నవారునే మరింత మందంగా, గట్టిగా నేస్తే అదే వెబ్బింగ్. సైనికుడి తూటాలూ, నీళ్ళసీసా, బాయొనెట్, తిండి, దుప్పటీ... అన్నీ ఈ పట్టీల మీద వేలాడాల్సిందే.

అంతకుముందు బ్రిటిష్ సైన్యం తోలు వాడేది. 1899-1902 బోయర్ యుద్ధంలో ఆ సరంజామా లోపాలన్నీ బయటపడ్డాయి. తోలు తడిస్తే బరువు, ఎండితే పగుళ్ళు. అప్పటికే అమెరికాలో ఆన్సన్ మిల్స్ అనే సైనికాధికారి కుట్టు లేకుండా బెల్టుతోపాటే తూటా గళ్ళనూ మగ్గం మీద నేసే పద్ధతి కనిపెట్టాడు. ఆయన పేరు మీద వెలిసిన మిల్స్ ఎక్విప్‌మెంట్ కంపెనీతో కలిసి రాయల్ ఐరిష్ ఫ్యుజిలియర్స్‌కు చెందిన మేజర్ బరోస్ తయారుచేసిందే 1908 నమూనా. మూడంగుళాల వెడల్పు బెల్టు, ఇటు ఐదు అటు ఐదు జేబులు, జేబుకి పదిహేను చొప్పున మొత్తం 150 తూటాలు. దీని గొప్పంతా ఎక్కడుందంటే, మొత్తం సరంజామాని ఒకే ముక్కగా కోటు విప్పినట్టు విప్పేయొచ్చు. మళ్ళీ అలాగే తొడుక్కోవచ్చు. మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యాక కావల్సినంత వెబ్బింగ్ నేసే మగ్గాలు లేక, పాపం చాలామందికి మళ్ళీ తోలే గతయ్యింది. దాన్నే 1914 నమూనా అంటారు.

రెండో ప్రపంచయుద్ధంలో అందరి ఒంటి మీదా కనిపించేది 1937 నమూనా. బెల్టు కాస్త సన్నబడింది. ముందువైపు రెండు పెద్ద సంచులు వచ్చాయి. బ్రెన్ తుపాకీ మ్యాగజైన్లు పట్టాలి కాబట్టి ఆ సైజు. అటకల మీద దొరికేవాటిల్లో ఎక్కువ ఇవే.

ఇక ఆ పచ్చటి పొడి సంగతి. అది మురికి కాదు, దుమ్మూ కాదు. 'బ్లాంకో'. షెఫీల్డ్‌లోని జోసెఫ్ పికరింగ్ అండ్ సన్స్ చేసిన రంగుబిళ్ళ. మొదట్లో తోలు పట్టీలకు వేసే తెల్లరంగు. వెబ్బింగ్ వచ్చాక ఖాకీలూ పచ్చలూ పుట్టుకొచ్చాయి, ఒక్కో ఛాయకీ ఒక్కో నంబరు. రెండో ప్రపంచయుద్ధం నాటివాటిపై ఎక్కువగా కనిపించేది 'ఖాకీ గ్రీన్ నంబర్ 3'. తడిపిన బ్రష్షుతో బిళ్ళను రుద్ది, ఆ ముద్దని పట్టీకి సమంగా పట్టించి ఆరబెట్టాలి. రంగు చుక్క ఇత్తడి మీద పడకూడదు. ఇత్తడికి రుద్దే బ్రాసో గుడ్డకి అంటకూడదు. రేపొద్దున పరేడ్ ఉందంటే రాత్రి బ్యారక్‌లో అందరికీ ఇదే పని. ఈ మెరుగుల చాకిరీకి సైనికులు పెట్టుకున్న ముద్దుపేరు 'బుల్'. ఆ పేరు వెనకున్న పూర్తి మాట పత్రికలో రాసేది కాదు లెండి! మన దగ్గర ఎన్‌సీసీలో ఉన్నవాళ్ళకి ఈ బాధ బాగానే తెలుసు. ఆదివారం పరేడ్‌కి శనివారం రాత్రి బెల్టు బకిల్‌ని బ్రాసోతో తోమిన చేతులు ఈ పేజీ చదువుతున్నవాళ్ళలో ఎన్ని లేవు?

ఇప్పుడు అసలు తంటా. బ్లాంకో నీళ్ళలో కరిగిపోతుంది. పట్టీని బకెట్లో ముంచితే పాలకూర ఉడికించినట్టు నీళ్ళు పచ్చగా మారతాయి. నాలుగైదుసార్లు నీళ్ళు మారిస్తే లోపలినుంచి అసలు నూలురంగు బయటపడుతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ పొరలు వేసింది ఓ సైనికుడు. ఉత్తరాఫ్రికా ఎడారిలో పనిచేసినవాళ్ళయితే ఉన్న రంగునీ రుద్దిరుద్ది తెల్లగా చేసుకునేవారు. బర్మా అడవుల్లోకి వెళ్ళినవాళ్ళు ముదురు పచ్చకి మారారు. అంటే, ఆ పట్టీ ఎక్కడెక్కడ తిరిగిందో దాని రంగు కొంత చెబుతుంది. ఒక్కసారి ఉతికితే ఆ ఆనవాలు కాస్తా తూముపాలు.

పోయేది రంగు ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. పట్టీ లోపలివైపు సిరాతో వేసిన ముద్రలుంటాయి. తయారుచేసిన కంపెనీ పొడి అక్షరాలు, సంవత్సరం, బాణం గుర్తు. ఆ బాణం బ్రిటిష్ ప్రభుత్వ సొత్తు అని చెప్పే చిహ్నం. బాణంతో 'సి' ఉంటే కెనడాది. 'ఐ' ఉంటే మన దేశంలో తయారైంది. అన్నిటికన్నా విలువైంది ఇంకొకటి, సైనికుడి నంబరు. తాతగారి పేరు చెప్పగలిగే ఆధారం కొన్నిసార్లు అదొక్కటే. సబ్బునీళ్ళకి ముందు వెలిసిపోయేదీ అదే!

అందుకే అనుభవమున్న సేకర్తలు ముందు నీళ్ళ జోలికే పోరు. పెద్ద బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పట్టీని విప్పి, ముందూ వెనకా ఫొటోలు తీస్తారు. భూతద్దం, టార్చిలైటు పెట్టి అంగుళం అంగుళం వెతుకుతారు. బూజు ఉంటే ఆరుబయటికి తీసుకెళ్ళి, ముక్కుకి మాస్క్ కట్టుకుని మెత్తటి బ్రష్షుతో దులుపుతారు. మ్యూజియాల్లో అయితే వ్యాక్యూమ్ క్లీనర్ మూతికి సన్నటి వల కట్టి, తక్కువ వేగంలో పెట్టి దుమ్ము లాగుతారు. చాలా పట్టీలకి ఈపాటి నలుగు చాలు.

ఉతక్క తప్పని సందర్భాలూ లేకపోలేదు. ముద్రలేవీ లేని మామూలు సంచి, దగ్గరికి వెళ్తే కడుపులో తిప్పే వాసన... అప్పుడు సరే. అయినా ముందు ఓ మూల తడి దూదితో అద్ది చూడాలి. తర్వాత గోరువెచ్చని నీళ్ళు, ఘాటులేని సబ్బు. చేత్తో మెల్లగా నొక్కడమే తప్ప బండకేసి బాదడం, పిండడం కుదరదు. బ్లీచింగ్ మాట అసలే తలపెట్టకూడదు. వేడినీళ్ళు పోస్తే నూలు ముడుచుకుపోతుంది. మెషీన్లో వేస్తే ఇత్తడి ముక్కలు డ్రమ్ముకేసి కొట్టుకుని అటు మెషీనూ ఇటు పట్టీ రెండూ పాడవుతాయి. ఉతికాక సంచుల్లో పాత తువ్వాళ్ళు కూరి, ఆకారం సరిచేసి నీడలో ఆరబెట్టాలి. ఎండ తగిలితే రంగు వెలుస్తుంది.

ఇత్తడి దగ్గరకొచ్చేసరికి మన ఇళ్ళలో అందరికీ గుర్తొచ్చేది చింతపండు. బిందెలకి అది బ్రహ్మాండమే, పట్టీకి మాత్రం శత్రువు. చింతపండయినా నిమ్మరసమయినా పులుపు నూలులోకి దిగిందంటే పోగుల బలం తినేస్తుంది. చిలుముని వెదురుపుల్లతో ఓపిగ్గా గీకి, మెత్తటి గుడ్డతో తుడవడమే మార్గం. మెరుపు కావాలనుకునేవాళ్ళు బకిల్ వెనకాల ప్లాస్టిక్ ముక్క అడ్డంపెట్టి పాలిష్ చేస్తారు. లేదంటే నేతలో తెల్లటి పొడి ఇరుక్కుని ఎన్నటికీ రాదు. అయినా తోమిన ప్రతిసారీ లోహం కొంచెం అరుగుతుందని మ్యూజియం వాళ్ళు మెరుపు జోలికి పోరు. ఊడిన కుట్లు వెయ్యాలంటే పాత రంధ్రాల్లోంచే నూలుదారం తియ్యాలి. నైలాన్ దారం గట్టిది కదా అని వాడితే అది నూలునే కోసేస్తుంది.

మరి మళ్ళీ బ్లాంకో వెయ్యొచ్చా? ఇక్కడే రెండు వర్గాలు. పాత యుద్ధాలని వేషాలతో మళ్ళీ కళ్ళకు కట్టే బృందాలు ఇంగ్లండులో చాలా ఉన్నాయి. వాళ్ళకి పట్టీ నిగనిగలాడాలి, పరేడ్‌కి నిలబడాలి. సేకర్తలకేమో ఆ మాటే గిట్టదు. రెండిట్లోనూ న్యాయం ఉంది కానీ, వేషం కోసమైతే కొత్తగా నేసిన నకళ్ళు బజార్లో దొరుకుతూనే ఉన్నాయి. అసలైన పట్టీ మీద పాత పొర ఉన్నప్పుడు దాన్ని చెడగొట్టడం దేనికి?

ఈ కథలో మనకీ ఓ వాటా ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో భారత సైన్యంలో 25 లక్షల మంది పనిచేశారు. మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళూ అందులో ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చాకా మన జవాన్లు చాలా ఏళ్ళు ఆ 1937 నమూనా పట్టీలే కట్టారు. 1962 చైనా యుద్ధం నాటి ఫొటోల్లోనూ అవి కనిపిస్తాయి. తెలుగిళ్ళలోనూ ఏ పాత పెట్టె అడుగునో, బట్టలారేసే దండెంగా మారిపోయో ఒకటీ అరా ఉండే ఉంటాయి. దొరికితే ప్లాస్టిక్ సంచిలో మాత్రం పెట్టకండి. లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. మడత పెట్టకుండా ఆమ్లం లేని కాగితంలో వదులుగా చుట్టి, చీకటిగా, పొడిగా ఉండేచోట ఉంచితే చాలు.

ఇంతకీ ఆ నంబరుకి అంత విలువెందుకంటే... మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన బ్రిటిష్ సైనికుల సర్వీసు కాగితాల్ని చాలావరకు లండన్‌లో ఒకేచోట భద్రపరిచారు. 1940 సెప్టెంబరులో జర్మన్ బాంబులకి ఆ గిడ్డంగి అంటుకుంది. సగానికి పైగా బూడిదైపోయాయి. మంట సోకి, నీళ్ళకి తడిసి మిగిలినవాటిని 'కాలిన కాగితాలు' అనే పేరుతోనే ఇప్పటికీ పిలుస్తారు. తమ ముత్తాత ఫైలు వాటిలో దొరకని కుటుంబాలు పతకాల అంచుల మీదా, పాత సామాన్ల మీదా ఉన్న నంబర్ల కోసం వెతుకుతాయి. ఆ నంబరు పట్టుకుని పతకాల జాబితాల్లోనూ, పటాలం డైరీల్లోనూ ఆయన జాడ తీసేవాళ్ళున్నారు. పెట్టె అడుగున దొరికిన పట్టీని ముందు తిరగేసి చూసేది అందుకే. బకెట్టూ సబ్బూ ఆ తర్వాతే.