వేలిముద్ర పోతే రైతు కొత్త వేలు తెచ్చుకోవాలా?

పొలం అమ్మినా కొన్నా దస్తావేజుపై ఫొటో అంటించి వేలిముద్ర వేయాల్సిందే. రిజిస్ట్రేషన్ చట్టం 32ఎ సెక్షన్ అలా చెబుతోంది. వేశాం. ఆ దస్తావేజులను స్కాన్ చేసి, ముద్రలు కూడా కనిపించేలా వెబ్‌సైట్లలో పెట్టింది ప్రభుత్వాలు. ఆ ముద్రల విలువ ముందుగా తెలిసింది దొంగలకు.

2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఓ సిమ్ కార్డుల వ్యాపారి తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, వాటిలోని వేలిముద్రలకు అచ్చులు చేయించి, ఎవరెవరి పేర్లతోనో వేల సిమ్‌లు నడిపించాడు. కంపెనీ పెట్టిన టార్గెట్ కోసమట! తర్వాతి ముఠాలు సిమ్‌లతో ఆగలేదు. 2022లో సైబరాబాద్ పోలీసులకు చిక్కినవాళ్లు ఆంధ్రప్రదేశ్ దస్తావేజుల్లోని ముద్రలతో జనం బ్యాంకు ఖాతాల్లో డబ్బే లాగేశారు.

ఇందుకు పెద్ద చదువులు అక్కర్లేదు. ఆధార్ ఆధారిత చెల్లింపుల పద్ధతిలో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. పిన్ లేదు, ఓటీపీ లేదు. పట్నంలో క్రెడిట్ కార్డు మోసానికి గురైనవాడు ఫోన్ చేసి కార్డు ఆపిస్తాడు, వారంలో కొత్తది తెచ్చుకుంటాడు. రైతు కొత్త వేలు ఎక్కడ తెచ్చుకోవాలి?

పీఎం కిసాన్ డబ్బు కావాలంటే ఖాతాకు ఆధార్ జోడించమన్నది ప్రభుత్వమే. డబ్బు పోయిందని బ్యాంకుకు వెళితే "నీ వేలిముద్రే పడింది కదా" అని పంపేస్తారు. ఇది అన్యాయమే కాదు, నిబంధనలకు విరుద్ధం కూడా. మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా బయటివాళ్ల మోసంతో డబ్బు పోతే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసిన ఖాతాదారుడికి నష్టం అంటదని రిజర్వు బ్యాంకు 2017 జులై 6 సర్క్యులర్‌లో చెప్పింది. బ్యాంకు పది పనిదినాల్లో ఆ సొమ్ము జమ చేయాలి. తప్పు ఖాతాదారుడిదని నిరూపించాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదే.

2023లో తెచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనకేమైనా ఒరగబెట్టిందా? సమాచారం కాపాడని సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా అని గొప్పగా చెప్పుకున్నారు. ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు పోతుంది. నష్టపోయినవాడికి పైసా ఇమ్మని ఈ చట్టంలో లేదు. పాత ఐటీ చట్టంలో పరిహారానికి దారి చూపిన 43ఎ సెక్షన్‌ను కూడా ఇదే చట్టం తీసేయమంది. పైగా తప్పుడు ఫిర్యాదు చేశారని తేలితే మనకే పదివేల దాకా జరిమానా!

ఉన్న ముద్రనే కాపాడలేని పాలకులు 2024 సెప్టెంబరులో 2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్ అన్నారు. ప్రతి రైతుకూ ఒక ఐడీ, దానికి భూమి, పంట వివరాలన్నీ ముడిపెడతారట. ముందు పాత దస్తావేజులన్నింటిలో ముద్రలు, ఆధార్ నంబర్లు కనబడకుండా చేయండి. ఖాతాదారుడు రాతపూర్వకంగా అడిగితే తప్ప వేలిముద్ర చెల్లింపులు తెరవొద్దు. ఆ తర్వాతే ఐడీల మాట.

ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేసుకోమని అధికారులు సలహా ఇస్తున్నారు. చేసుకోవడం మంచిదే, కానీ వేలిముద్రతో రేషన్, పింఛను తీసుకునే ముసలమ్మ నెలనెలా ఎవరిచేత తీయించాలి? అందుకే పాస్‌బుక్ తరచూ ప్రింటు వేయించండి. తేడా కనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేసి, అదే రోజు బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, కాపీపై తేదీతో ముద్ర వేయించుకోండి. మేనేజరు కాదంటే ఊరి సంఘం కార్యకర్తలను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లండి.