ప్రశ్నల లెక్కయు, హామీల వేటయు

ఏటేటా పార్లమెంటు సభ్యుల హాజరును, ప్రసంగములను, వారు వేసిన ప్రశ్నలను లెక్కగట్టి పట్టికలుగా ప్రకటించుటయు, అందు పెద్ద అంకె గలవానిని సమర్థుడనియు చిన్న అంకె గలవానిని సోమరి యనియు మనము తీర్మానించుటయు పరిపాటి యైపోయినది. మంత్రిపదవియు పక్షనాయకత్వమును లేక వెనుక బల్లలపై కూర్చుండు సభ్యునికి ప్రశ్నయే ప్రధానాయుధ మనుట నిజమే. కాని అమ్ములపొదిలోని బాణములను లెక్కించినంత మాత్రమున విలుకాని నేర్పు తెలియునా?

లోక్‌సభ నియమముల ప్రకారము సభ్యుడు దినమునకు ఐదు ప్రశ్నలకు నోటీసు ఇయ్యవచ్చును. చీట్లలో నెగ్గినవానిలో 20 మాత్రమే నక్షత్రపు గుర్తుతో మౌఖిక సమాధానమునకు జాబితా కెక్కును. 230 వరకు లిఖిత సమాధానముతో సరిపెట్టుకొనును. ఆ ఇరువదిలోను ప్రశ్నోత్తరముల గంట ముగియులోపల సభలో వినబడునవి కొన్నియే. కావున వందలకొలది ప్రశ్నల కీర్తిలో అధికభాగము, అనుబంధ ప్రశ్నకు తావులేని కాగితముల కీర్తియే.

ప్రశ్నల వలన పని జరుగుచున్నదా యని చూచుటకు వికారాబాదు జిల్లాలోని కొడంగల్లునే తీసికొందము. సికింద్రాబాదు–వాడి రైలుమార్గము వికారాబాదును, తాండూరును తాకి పోవుచున్నది. తాండూరు బండలకు, సిమెంటునకు ఆ దారి దొరకినది. కొడంగల్లునకు నేటికిని రైలు లేదు. వికారాబాదు నుండి పరిగి, కొడంగల్లు, నారాయణపేటల మీదుగా కృష్ణా స్టేషనునకు మార్గము వేయవలెనను కోరిక పాతబడినది. సర్వేల మాట పలుమారులు వినబడినది. పట్టాలు మాత్రము పడలేదు. పైగా వికారాబాదు, పరిగి, తాండూరు చేవెళ్ల లోక్‌సభ స్థానములో నుండగా, అదే జిల్లాలోని కొడంగల్లు మహబూబ్‌నగరు స్థానములో నున్నది. ఒక మార్గమునకు ఇద్దరు సభ్యులు. అనగా, పని కానప్పుడు ఒకరికొకరు సాకు.

ఈ రెండు స్థానములును, 1984లో మహబూబ్‌నగరు, 2009లో చేవెళ్ల, ఎస్. జైపాల్‌రెడ్డిగారిని సభకు పంపినవి. 1998 సంవత్సరపు ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారము నందిన ఆయనను స్మరించువారు ఆయన ప్రశ్నల సంఖ్యను చెప్పరు. వాదించిన తీరునే చెప్పుకొందురు.

మంత్రి ‘పరిశీలనలో నున్నది’ అనగానే ఆ ముక్కను పత్రికలకు పంపి సంతసించు సభ్యు లనేకులు. నిజమునకు పని అప్పుడే మొదలగును. సభలో పలికిన అట్టి మాట హామీగా పరిగణింపబడును. 1953లో ఏర్పడిన ప్రభుత్వ హామీల సంఘము, మూడుమాసములలో అది నెరవేరినదా యని విచారించును. గడువు దాటిన హామీలను ఎందరు సభ్యులు వెంటాడుచున్నారో తెలుపు పట్టిక మాత్రము ఎక్కడను కనబడదు. నాకు గావలసినది అదియే.

2024లో ఈ రెండు స్థానముల నుండి ఎన్నికైన డి.కె. అరుణగారును, కొండా విశ్వేశ్వర్‌రెడ్డిగారును కొడంగల్లు రైలుమార్గమును గూర్చి కలసి అడిగి, వచ్చిన సమాధానమును కలసియే వెంటాడవచ్చును. ఇరువురును కేంద్రములోని అధికారపక్షమువారు గదా, తమ మంత్రినే ఎట్లు నిలదీయుదురని కొందరందురు. జీవితబీమా సంస్థ సొమ్ము ముంద్రా కంపెనీల వాటాలలోనికి పోయిన తీరును 1957లో సభయెదుట నెండగట్టి, మరుసటి ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామాకు దారితీయించిన ఫిరోజ్ గాంధీయు అధికారపక్షపు వెనుక బల్లలవాడే. మొగమాటమే అడ్డమగునేని, అది ఆయనకు మరింత యుండవలసినది. ప్రధానమంత్రికి అల్లుడు గదా!