రాకెట్టుకు ‘వచ్చే వారం’ ఉండదు!

‘‘అమ్మా, ఓ పావుగంట పలకరించబాకు. స్టాండప్ ఉంది!’’

ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలున్న ఇళ్లలో పొద్దున్నే వినపడే మాట ఇది. తీరా తొంగిచూస్తే పిల్లాడు కుర్చీలోనే ఉంటాడు. ‘‘మరి నిలబడేది ఎవురు నాయనా?’’ అని అమ్మ అడగడంలో తప్పేముంది! నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, పని ఎక్కడ ఆగింది... బృందంలో వాళ్లు ఈ మూడు సంగతులూ ఒకరికొకరు చెప్పుకోవడమే స్టాండప్. ఒకప్పుడు నిలబడే చెప్పుకునేవారు కాబట్టి ఆ పేరు. ఇక స్ప్రింట్ అంటే చాలాచోట్ల రెండు వారాల గడువు. ఆలోగా పనికొచ్చే ముక్క ఒకటి తయారుచేసి వాడేవాళ్ల ముందు పెట్టాలి. నచ్చకపోతే వచ్చే స్ప్రింట్‌లో మార్చాలి. ఈ మొత్తం తంతు పేరు ఎజైల్.

అంతకుముందు రాజ్యమేలింది వాటర్‌ఫాల్. జలపాతంలో నీళ్లు కిందికే తప్ప పైకి పోవు కదా! అలాగే ముందు అవసరాలన్నీ రాసుకోవాలి, తర్వాత డిజైను, ఆపైన ప్రోగ్రాము, ఆఖర్న పరీక్షలు. శ్లాబు పోశాక పునాది వెడల్పు చేయమంటే ఏ మేస్త్రీ ఒప్పుకోడు. ఇదీ అంతే. అయితే ఇంటికి పనికొచ్చిన పద్ధతి సాఫ్ట్‌వేర్‌కి అన్నిసార్లూ పనికిరాలేదు. ఏళ్ల తరబడి కష్టపడి అప్పగిస్తే, ‘నాకు కావాల్సింది ఇది కాదే’ అనే ఖాతాదారులు ఎక్కువైపోయారు. ఆ విసుగులోంచే 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది నిపుణులు కూర్చుని ఎజైల్ ప్రకటన రాశారు. ప్లానుకు కట్టుబడటం కంటే మార్పుకు తగ్గట్టు నడుచుకోవడం మేలన్నది అందులో ఒక ముఖ్యమైన మాట.

వాళ్లు అలా రాసుకున్న నెలన్నరకే మన తీరంలో ఓ సంఘటన జరిగింది. 2001 మార్చి 28న శ్రీహరికోటలో జీఎస్ఎల్‌వీ తొలి ప్రయోగం. (2022లో సూళ్లూరుపేటతో పాటు షార్ కూడా తిరుపతి జిల్లాలో కలిసింది. అయినా నెల్లూరోళ్లకి అది ఎప్పటికీ మన షారే!) రాకెట్ చుట్టూ ఉన్న నాలుగు ద్రవ ఇంధన ఇంజిన్లు మండాయి. వాటిలో ఒకటి కావాల్సినంత బలం పుంజుకోలేదు. అంతే... పైకి లేవడానికి ఒకే ఒక్క సెకను ముందు కంప్యూటర్ మొత్తం ఆపేసింది. అంత తక్కువ వ్యవధిలో ఏ మనిషీ ఆలోచించి మీట నొక్కలేడు. ‘ఒకవేళ ఇంజిన్ బలం చాలకపోతే?’ అని ఎవరో ఎంతో ముందే ప్రశ్న వేసుకుని, జవాబు రాసిపెట్టారు. రాకెట్ దక్కింది. ఏప్రిల్ 18న ఎగిరింది.

అన్నిసార్లూ అలా దక్కలేదు. 1993 సెప్టెంబరు 20న పీఎస్ఎల్‌వీ మొదటి ప్రయోగం. రెండో అంచె విడిపోయేటప్పుడు దాన్ని వెనక్కి లాగాల్సిన చిన్న రాకెట్లలో కొన్ని పనిచేయలేదు. దాంతో రాకెట్ కుదుపుకు లోనైంది. సర్దాల్సిన సాఫ్ట్‌వేర్‌లోనూ ఓ లోపం దాక్కుని ఉంది. లెక్క అనుకున్న హద్దు దాటితే ఏం చేయాలన్న చోట జరిగిన పొరపాటు అది. మామూలు ప్రయాణంలో అయితే ఆ హద్దు దాటే పనే ఉండదు. ఆ రోజు దాటింది. ఐఆర్ఎస్-1ఇ ఉపగ్రహంతో సహా అంతా బంగాళాఖాతం పాలైంది.

మనవాళ్లే ఇలా అనుకోకండి. 1996 జూన్ 4న ఐరోపా వాళ్ల ఏరియాన్-5 దాదాపు నలభై సెకన్లకే పేలిపోయింది. అదీ అంకెల గొడవే. అయిదు గళ్ల ఫారంలో ఆరంకెల సంఖ్య రాయాలంటే ఎలా? ఏరియాన్-4లో చక్కగా పనిచేసిన ప్రోగ్రామునే కొత్త రాకెట్‌లోనూ వాడారు. కొత్తది మరింత వేగంగా పోయేది కావడంతో లెక్క గళ్లలో పట్టలేదు. అండగా ఉంచిన రెండో కంప్యూటర్లోనూ ఉన్నది అదే ప్రోగ్రాము కాబట్టి అదీ చేతులెత్తేసింది.

ఇదంతా చదివి, ‘రాకెట్లకు వాటర్‌ఫాల్, ఫోన్లో యాప్‌లకు ఎజైల్’ అని గీత గీసేస్తే తప్పే. పోయిన ఆ పీఎస్ఎల్‌వీ పేరు డీ1. డీ అంటే డెవలప్‌మెంట్. లోపాలు సరిచేసుకుని వెళ్లిన డీ2, 1994 అక్టోబరు 15న నెగ్గింది. 1996లో డీ3 వెళ్లింది. 2017లో ఒకే విడతలో 104 ఉపగ్రహాలను మోసుకెళ్లిందీ పీఎస్ఎల్‌వీనే. ఒక రకంగా ఇవీ స్ప్రింట్లే. కాకపోతే రెండు వారాలకొకటి కాదు, ఏడాదికొకటి! ఇంకో తమాషా... వాటర్‌ఫాల్ మెట్ల బొమ్మ విన్‌స్టన్ రాయిస్ 1970లో రాసిన వ్యాసంలోది. ఆయన అంతరిక్ష నౌకల సాఫ్ట్‌వేర్ చేసిన మనిషి. మెట్లన్నీ ఒక్క ఊపులో దిగిపోతే ముప్పు తప్పదని, కొత్త పనైతే రెండుసార్లు చేసి చూసుకోమని కూడా అందులోనే రాశాడు. లోకం బొమ్మను పట్టుకుని మాటను వదిలేసింది.

నన్నడిగితే, పద్ధతి పేరు కంటే ముందు అడగాల్సింది ఒకటుంది. తప్పు బయటపడ్డాక దిద్దుకునే వ్యవధి ఉందా? సినిమా టికెట్ల యాప్‌లో మీట పనిచేయకపోతే రేపు బాగుచేయొచ్చు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయా? మార్కుల్లో తప్పులు దొర్లి పెద్ద దుమారం రేగింది. ఫెయిలైన మూడు లక్షల పైచిలుకు పిల్లల జవాబు పత్రాలను ప్రభుత్వం ఉచితంగా మళ్లీ పరిశీలింపజేయాల్సి వచ్చింది. మార్కులు దిద్దారు సరే, ఆ ఇళ్లలో గడిచిన ఆ రోజుల్ని దిద్దేదెవరు? అలాంటి చోట సాఫ్ట్‌వేర్‌ను రాకెట్ అనుకునే రాయాలి. రెండు వారాలకోసారి ముక్కలు ముక్కలుగా రాసుకున్నా ఫర్వాలేదు... జనం మీదికి వదిలేముందు మాత్రం షార్ వాళ్లలాగా కౌంట్‌డౌన్ పెట్టుకోవాలి.

2023 అక్టోబరు 21న గగన్‌యాన్ తొలి పరీక్ష ప్రయోగాన్ని టీవీలో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అయిదు సెకన్లుందనగా కంప్యూటర్ ‘హోల్డ్’ అంది. లోపమేమిటో చూసుకుని పది గంటలకు మళ్లీ వదిలారు. మనుషుల్లేని ఆ క్రూ మాడ్యూల్ విడిపోయి, పారాచూట్లు విప్పుకుని, శ్రీహరికోటకు దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో దిగింది. నౌకాదళం వాళ్లు వెళ్లి చూస్తే నీళ్లమీద తలకిందులుగా తేలుతోంది. తర్వాతి పరీక్షకు చేయాల్సిన పనుల్లో దాన్ని నిటారుగా నిలబెట్టే ఏర్పాటు కూడా చేరింది.