పుండు మానడం వేరు, వయసు తగ్గడం వేరు

వృద్ధుల కోసం ఆక్సిజన్ ఛాంబర్ ‘యవ్వన ప్యాకేజీ’ మొదలుపెట్టిన కార్పొరేట్ ఆసుపత్రి యాజమాన్యానికి బహిరంగ లేఖ



హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్సలో రోగి గాలి చొరబడని ఛాంబర్‌లో ఉండి, మామూలు వాతావరణ పీడనానికి రెండు మూడు రెట్ల పీడనం కింద స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తాడు. ఆరోగ్యవంతుల్లో హిమోగ్లోబిన్ ఎప్పుడూ ఆక్సిజన్‌తో దాదాపు నిండే ఉంటుంది కాబట్టి దానికి కొత్తగా ఎక్కేది స్వల్పమే. అసలు మార్పు రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో వస్తుంది. మామూలు గాలి పీల్చేటప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 0.3 మిల్లీలీటర్ల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. మూడు రెట్ల పీడనంలో అది 6 మిల్లీలీటర్ల దాకా చేరుతుంది. కదలకుండా ఉన్న మనిషికి ఇంచుమించు ఇదే సరిపోతుంది. హిమోగ్లోబిన్ దాదాపు లేకుండా చేసిన పందులు కూడా ఇలాంటి పీడనంలో బతికాయని డచ్ సర్జన్ బోరెమా 1960లో చూపించాడు.

రక్తనాళాలు పూడుకుపోయి రక్తం అందని చోటికి ఈ కరిగిన ఆక్సిజన్ కొంత చేరుతుంది. వాపు తగ్గుతుంది, కొత్త సూక్ష్మనాళాలు మొలుస్తాయి, ఎముక మజ్జ నుంచి మూలకణాలు రక్తంలోకి వస్తాయి. అందుకే సముద్రంలో లోతుకు దిగి వేగంగా పైకి వచ్చిన డైవర్లకు, కార్బన్ మోనాక్సైడ్ విషం ఎక్కినవారికి, రేడియేషన్ వల్ల కణజాలం దెబ్బతిన్నవారికి, షుగర్ వల్ల కాలికి పడి మానని కొన్ని తీవ్రమైన పుండ్లకు దీన్ని వాడతారు. వేలో, పాదమో తీసేయాలన్న మాట విన్న షుగర్ రోగులు తెలుగు నేలమీద ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. ఈ ఛాంబర్ అవసరం వాళ్లది. మీ యవ్వన ప్యాకేజీ కరపత్రంలో వాళ్ల ఊసే లేదు. నెరిసిన జుట్టు దంపతుల నవ్వు ముఖాల కింద, వయసు పాతికేళ్లు వెనక్కి పోతుందన్న మాట ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉంది.

ఆ మాటకు మూలం ఇజ్రాయెల్‌లోని షమీర్ మెడికల్ సెంటర్, టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రచురించిన ఒక అధ్యయనం. 64 ఏళ్లు, ఆపైబడిన 35 మందిని తీసుకున్నారు. మూడు నెలల్లో 60 సార్లు, ఒక్కోసారి 90 నిమిషాలు, రెండు రెట్ల పీడనం. తెల్ల రక్తకణాల్లో టెలోమియర్ల (వయసుతోపాటు కురచయ్యే క్రోమోజోమ్ కొసల) పొడవు 20 శాతానికి పైగా పెరిగిందని, ముసలిబారిన టి-కణాలు తగ్గాయని రాశారు. ఆసక్తికరమైన ఫలితమే, కాదనడానికి లేదు. కానీ పోల్చి చూడటానికి చికిత్స పొందని బృందం అందులో లేదు. రక్తంలో ఏ రకం కణాలు పెరిగి ఏవి తగ్గాయన్నదాన్ని బట్టి కూడా టెలోమియర్ల సగటు మారుతుంది. చర్మం, గుండె, మూత్రపిండాలు కుర్రతనం సంతరించుకున్నాయని ఆ అధ్యయనం చెప్పలేదు. ఆయుష్షు పెరిగిందనీ చెప్పలేదు. అదే బృందం 63 మంది వృద్ధులపై చేసిన మరో పరీక్షలో ఏకాగ్రత, ఆలోచనా వేగం మెరుగయ్యాయి. అందులో పోలిక బృందం ఉంది కానీ వాళ్లకు ఉత్తుత్తి చికిత్సయినా ఇవ్వలేదు. ఆ మెరుగుదలలో నమ్మకం పాలెంతో ఎలా తేల్చాలి? ఛాంబర్ ఆపేశాక ఎన్నాళ్లు నిలుస్తుంది? బీపీ, షుగర్ ఉన్న 70 ఏళ్ల మనిషిలో ఏమవుతుంది? కరపత్రం రాసినవారు ఈ ప్రశ్నలు వేసుకున్నారా?

ఆధారం లేకుండా పీడనాన్ని సర్వరోగ నివారిణిగా అమ్మడం కొత్త కాదు. 1928లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కన్నింగ్‌హామ్ అనే డాక్టరు పెద్ద ఉక్కు గోళాన్నే ఆసుపత్రిగా కట్టించి, పీడనంతో షుగర్, క్యాన్సర్ తగ్గుతాయన్నాడు. ఆధారాలు చూపమని అక్కడి వైద్య సంఘం అడిగితే చూపలేకపోయాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ గోళం పాత ఇనుము కింద పోయింది.

ప్రమాదాల సంగతి ఇంకా ముఖ్యం. పీడనం పెరిగేటప్పుడు మింగుతూ, ఆవలిస్తూ చెవులు సర్దుకోకపోతే కర్ణభేరి దెబ్బతింటుంది. ఎక్కువసార్లు తీసుకుంటే దూరపు చూపు కొన్నాళ్లు మందగిస్తుంది, అప్పటికే ఉన్న శుక్లం ముదరవచ్చు. అరుదుగా ఫిట్స్ వస్తాయి. షుగర్ రోగుల్లో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి చికిత్స పొందని రోగిని లోపలికి పంపితే ప్రాణానికే ముప్పు. ఆక్సిజన్ నిండిన ఛాంబర్‌లో చిన్న నిప్పురవ్వ చాలు. నూలు బట్టలే వేయమని, తలకు నూనె రాయొద్దని, ఫోను బయటే వదలమని చెప్పేది ఇందుకే. 2025 జనవరిలో మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఛాంబర్ అంటుకుని అయిదేళ్ల బాబు చనిపోయాడు. రోజూ కొబ్బరినూనె రాసుకునే పెద్దావిడకు ఈ జాగ్రత్తలు ఎవరు చెబుతారు? ప్యాకేజీ అమ్మే కౌంటర్‌లోని అమ్మాయా? చెవి, కన్ను, ఊపిరితిత్తులు చూశాకే లోపలికి పంపుతారా? పంపితే ఆ సంగతి కరపత్రంలో ఒక్క వాక్యమైనా ఎందుకు లేదు?

ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలు, మూలకణాల ప్రచారం అన్నీ చూసి జనం అలసిపోయారు. పిల్లలు విదేశాల్లో ఉండి, దాచుకున్న డబ్బుతో ఒంటరిగా బతుకుతున్న ముసలివాళ్ల భయమే పెట్టుబడిగా ఇంకెన్నాళ్లు? వైద్యం చదివినవారు నడిపే సంస్థ నుంచి ఇది ఎవరూ ఆశించలేదు. యాజమాన్యం ఈ నిర్ణయాన్ని మరోసారి ఆలోచించాలి. కరపత్రాన్ని సరిదిద్దడమో, ఆపడమో, ఏదో ఒకటి త్వరగా చేయాలి.